గోడకెదురుగా కుట్టు మిషన్

రామచంద్రం పటేల్ తన గోడకు దేవుళ్లను కాపలా పెట్టించిన రోజు గల్లీలో అందరితో పాటు సంతోషి కూడా సంబరపడింది. పాపం, ఆ సంబరం ఆమెకు ఎక్కువ రోజులు దక్కలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి లోపలికి మళ్లితే వచ్చే గల్లీ అది. ఒక పక్క వరసగా మల్గీలు, ఒక్కోటి షట్టరు వేసిన చిన్న గది. ఎదురుగా పొడవాటి ఇటుక గోడ, దాని వెనక ఖాళీ ప్లాటు. గల్లీ చివర రెండంతస్తుల ఇల్లు. మల్గీలు, గోడ, ప్లాటు, ఇల్లు అన్నీ రామచంద్రానివే. సరూర్‌నగర్ పాత ఊరి కుటుంబం వాళ్లది. తాతల నాడు ఇదంతా వాళ్ల జొన్న చేను. చేను పోయి కాలనీ వచ్చి ఎన్నో ఏళ్లయినా, ఆయన గల్లీలో నడిచే తీరు మాత్రం ఇప్పటికీ గట్టు మీద నడిచినట్టే ఉంటుంది.

గోడ కనిపిస్తే మన మగవాళ్లు ఊరుకోరు కదా. బస్సు దిగినవాడు, బైకు ఆపినవాడు, మెడలో ఆఫీసు కార్డు వేలాడేవాడు, ఫోన్లో మాట్లాడుతూ ఒంటిచేత్తో పని కానిచ్చేవాడు, అందరికీ ఆ గోడే. వాసన తన గేటు దాకా రావడంతో రామచంద్రానికి చిర్రెత్తింది. దేవుడి బొమ్మల టైల్స్ తెప్పించి, గేటు దగ్గర మొదలుపెట్టి గోడ పొడుగునా అతికిస్తూ వచ్చాడు. వెంకటేశ్వరస్వామి, పక్కన సాయిబాబా, ఆ పక్కన మక్కా, శిలువ, దుర్గమ్మ, యాదగిరి నరసింహస్వామి. అన్ని మతాలూ ఒకే వరసలో నిలబడి ఒకే డ్యూటీ చేయడం ఆ గోడ మీదే చూడాలి.

అయితే తెచ్చిన టైల్స్ సంతోషి దుకాణం ఎదురు దాకా వచ్చేసరికి అయిపోయాయి. మిగతావి తెప్పించాలని రామచంద్రానికి తోచలేదు. ఆయన గేటు దగ్గర వాసన పోయింది, ఆయన పని అయిపోయింది. ఇక ఏముంది! గోడ పొడుగునా సర్దుకుని నిలబడే జనమంతా దేవుళ్లు లేని ఆ కాస్త జాగాకు వచ్చి పడ్డారు. సరిగ్గా సంతోషి ముందుకు.

సంతోషిది నల్లగొండ దగ్గరి పల్లె. మొగుడు సాయికుమార్ ఎల్‌బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు షేరింగ్ ఆటో నడుపుతాడు. ఎల్‌బీనగర్ రింగురోడ్డు వెనక కిరాయి ఇల్లు. జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్, పీకో ఆమె పని. దుకాణం మొదలుపెట్టిన కొత్తలో తల ఎత్తిన ప్రతిసారీ గోడ దగ్గర ఎవడో ఒకడు కనిపిస్తుంటే, సిగ్గుతో చచ్చిపోయి మిషన్‌ను లోపలికి తిప్పేసుకుంది. అప్పటి నుంచి వీధికి వీపు పెట్టి, ట్యూబులైటు వెలుగులో, తన నీడ బట్ట మీద పడుతుంటే కుట్టుకుంటూ వస్తోంది. చేసింది వాళ్లు, సిగ్గుపడింది ఈమె. ఆ లెక్క ఎక్కడో తప్పిందని ఆమెకు చాలాకాలం తట్టలేదు.

తట్టేలా చేసింది భావన అనే అమ్మాయి. బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ పక్క సందులో హాస్టల్లో ఉంటుంది. హాస్టల్ పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని సంతోషి దగ్గరికి తీసుకొచ్చింది కూడా ఆ పిల్లే. ఒక సాయంత్రం కుట్టడానికి ఇచ్చిన డ్రెస్సు తీసుకుని, డబ్బులు చేతిలో పెట్టి, వెళ్లలేక నిలబడింది.

"అక్కా, ఏమనుకోకు. ఇంక మేము రాము."

"ఎందుకు బిడ్డా? కుట్టు మంచిగ లేదా?"

"కుట్టు బాగుంది. ఇక్కడికి రావడమే... తల ఎత్తితే వాళ్లు, తల దించితే తడి. నిన్న ఒకడు మమ్మల్ని చూసి కూడా ఆగలేదక్కా. నవ్వాడు."

ఆ పిల్ల వెళ్లిపోయింది. సంతోషికి ఒళ్లు మండిపోయింది. ఆ హాస్టల్ పిల్లలు రాకపోతే దుకాణానికి కిరాయి కూడా వెళ్లదు. దుకాణం లేకపోతే ఆటో సంపాదన మీద ఇల్లు నడవదు. ఎవడో దారిన పోయేవాడి తొందరకు తన బతుకు మూతపడాలా?

నేరుగా వెళ్లి రామచంద్రాన్ని అడిగింది. ఆయన గేటు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"టైల్స్ అయిపోయినయి బిడ్డా. నీ ముంగట నువ్వు పెట్టిచ్చుకో. గోడ నాదే గని, నేనేమనను," అన్నాడు ఎంతో ఉదారంగా.

పక్క మల్గీలో జిరాక్స్ దుకాణం పట్టాభిది. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. ఆయనా అదే చెప్పాడు.

"నాలుగు టైల్స్ తెచ్చి అతికించెయ్యమ్మా. దేవుణ్ణి చూస్తే ఎలాంటివాడైనా ఆగుతాడు."

"దేవుణ్ణి సూస్తే ఆగుతడు. మరి నన్ను సూస్తే ఎందుకు ఆగడన్నా? పొద్దందాక ఈడనే ఉంట గదా, పానమున్న మనిషిని."

పట్టాభి జిరాక్స్ మిషన్‌లో కాగితాలు సర్దుతూ, ఏ దురుద్దేశమూ లేకుండా అన్నాడు. "నువ్వు అటు తిరిగి కూర్చుంటావు కదమ్మా."

ఆ రాత్రి సంతోషికి అన్నం సయించలేదు. ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం.

మర్నాడు దుకాణం తెరవగానే మిషన్ కాళ్ల కింద గోనెసంచి వేసి, ఒక్కతే ఈడ్చి, గుమ్మానికి ఎదురుగా తిప్పుకుంది. కూర్చుంటే కళ్లెదుట గోడ. వెలుతురు నేరుగా సూది మీద పడింది. ఇన్నాళ్లూ ట్యూబులైటుకు తగలేసిన కరెంటు గుర్తొచ్చి మరింత మండింది.

మొదట చిక్కినవాడు మంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆఫీసు మనిషి. గోడ ముందు నిలబడి జిప్పు మీద చెయ్యి వేశాడు. వెనక నుంచి గొంతు వినిపించింది.

"నమస్తే సార్!"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. సంతోషి రెండు చేతులూ జోడించి అతని ముఖంలోకే చూస్తోంది. ఆమె పెట్టుకున్న నియమం అది. ముఖమే చూడాలి, ముఖం తప్ప ఇంకేదీ చూడకూడదు.

"ఏంటండీ, అలా చూస్తున్నారు?"

"ఏం లే సార్. ఇది నా దుకాణం. మీరు మా ముంగటికి ఒచ్చిండ్రు గదా, పలకరిద్దమని."

అతనికి రావలసింది రాకుండానే పోయింది. జిప్పు సర్దుకుని, ఎవరో ఫోన్ చేసినట్టు ఫోన్ చెవికి పెట్టుకుని జారుకున్నాడు. పట్టాభి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాత వచ్చిన బైకు కుర్రాడు అంత తేలిగ్గా లొంగలేదు.

"ఆడిమనిషివి, గట్ల సూస్తున్నవ్, నీకు సిగ్గు లేదా?"

"ఉన్నది తమ్మీ. నాది నా దగ్గరనే ఉన్నది. నీది ఏడ పెట్టి మర్చిపోయినవో సూసుకో."

నలుగురు నవ్వారు. వాడు బైకెక్కి, పోతూ పోతూ ఒక బూతు మాట విసిరాడు. సంతోషికి భయం వేసింది, నిజమే. అయినా లేచి మిషన్ తిప్పలేదు. సూదిలో దారం తెగితే మళ్లీ ఎక్కించుకుని కుట్టడం మొదలుపెట్టింది.

అలా వచ్చిన ప్రతివాడికీ నమస్తే. పెద్దవాళ్లయితే "సార్", ఈడువాడైతే "అన్నా", చిన్నవాడైతే "తమ్మీ". ఒక్క తిట్టు లేదు, ఒక్క కేక లేదు. ఇంత మర్యాదను ఆ గోడ ముందు ఎవరూ ఎరగరు. తిడితే తిరిగి తిట్టొచ్చు, కొట్టవస్తే కొట్లాడొచ్చు. జోడించిన చేతులను ఏం చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. గోడ మెల్లగా ఆరింది. భావన ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది.

కానీ మాట ఊరికే ఉంటుందా? గల్లీ దాటి, కొత్తపేట దాటి ఎల్‌బీనగర్ ఆటో అడ్డాకు చేరింది. ఒక పొద్దున సంతోషిని ఆటోలో తీసుకొస్తూ సాయికుమార్ దారంతా మూతి ముడుచుకుని, సిగ్నల్ దగ్గర బయటపడ్డాడు.

"మగోళ్లు పోస్తుంటే సూసుకుంట కూసుంటవట. అడ్డ మీద నన్ను ఎట్ల నవ్వుతున్నరో తెలుసా? నా ఇజ్జత్ తీస్తున్నవ్."

"నీ ఇజ్జత్ గా గోడకు ఎవడు తగిలిచ్చిండు? నేనైతే తగిలియ్యలే," అంది సంతోషి. "నిన్ను నవ్వేటోళ్లల్ల ఎందరు గా గోడకాడ నిలబడ్డోళ్లో అడుగు జర. నువ్వు నిలబడలేదా ఎన్నడు?"

సిగ్నల్ పచ్చగా మారింది. సాయికుమార్ ఆటోను ముందుకు దూకించాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమెను దింపేటప్పుడు మాత్రం, "పటేల్ తోని పెట్టుకోకు. గంతే చెప్త," అన్నాడు.

ఆ మాట అన్న రోజే పటేల్ వచ్చాడు. దుకాణం ముందు నిలబడి, మిషన్ వంక చూసి, గోడ వంక చూసి, గొంతు సవరించుకున్నాడు.

"గిదేం పద్ధతి సంతోషమ్మా? ఆడిపిల్లలు ఇసొంటివి కనవడితె మొఖం తిప్పుకుంటరు. గది మర్యాద. నా మల్గీల కూసుని నా గల్లీల ఒచ్చేటోళ్ల పరువు తీస్తున్నవ్. మొన్న మా సైదాబాద్ సుట్టం ఒకాయన నీకు భయపడి గాడిదాక ఆపుకుని పోయిండట!"

"పోనియ్యిండ్రి పటేలా. గాడ ఆయన ఇల్లే ఉన్నది గదా."

రామచంద్రం ముఖం ఎర్రబడింది. ఎదురు మాట వినడం ఆయన ఒంటికి పడదు. "రేపు పొద్దున నేను వాకింగ్ నుంచి ఒచ్చెవరకు మిషన్ మొఖం లోపటికి ఉండాలె. లేకుంటే మల్గీ ఖాళీ చెయ్. ఇగ మాటల్లేవ్," అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి సంతోషికి కంటి మీద కునుకు లేదు. ఇంకో మల్గీ దొరకడం మాటలు కాదు. దొరికినా హాస్టల్ పిల్లలు అంత దూరం రారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. తిప్పితే ఏం పోతుంది? మిషనే కదా, ఇనుప ముక్క. తిప్పేసి, వీపు పెట్టుకుని, తల దించుకుని కుట్టుకుంటే ఎవరి దారి వాళ్లది. అలా అనుకున్న కొద్దీ ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ఆ కోపంతోనే తెల్లారింది.

పొద్దున షట్టరు ఎత్తి, ఎప్పటిలాగే గోడకెదురుగా కూర్చుంది. పట్టాభి ఒకసారి తొంగిచూసి, "వద్దమ్మా, తిప్పెయ్యి," అని గుసగుసగా అన్నాడు. చాయ్ బండివాడు, మందుల షాపువాడు ఏదో పని ఉన్నట్టు బయటే నిలబడ్డారు. విషయం అందరికీ తెలుసు.

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద వాకింగ్ ముగించుకుని, తెల్ల లాల్చీ, పైజామాలో రామచంద్రం గల్లీలోకి వచ్చాడు. సంతోషి కూర్చున్న తీరు చూశాడు. ఆగాడు. ఆయన ఇల్లు ఇంకో ఇరవై అడుగులు నడిస్తే వస్తుంది. ఆ అడుగులు వేయలేదు. అందరూ చూస్తుండగా తిన్నగా గోడ దగ్గరికి, దేవుళ్లు లేని ఆ చోటికి నడిచాడు. సంతోషికి వీపు పెట్టి, లాల్చీ పైకెత్తి, రెండు చేతులతో పైజామా బొందు పట్టుకున్నాడు. గోడ ఎవరిదో, గల్లీ ఎవరిదో చూపించాలనుకున్నాడు. ఇప్పుడు ఎవరు ముఖం తిప్పుకుంటారో చూద్దామనుకున్నాడు.

చాయ్ బండివాడు తల పక్కకు తిప్పేసుకున్నాడు. పట్టాభి తన చెప్పులు చూసుకున్నాడు. సంతోషి లేచి గుమ్మంలోకి వచ్చింది.

"నమస్తే పటేలా!"

రామచంద్రం పటేల్ గురించి ఒక మాట చెప్పాలి. ఎన్ని లోపాలున్నా, ఆ మనిషి ఎవరి నమస్తేనూ ఇంతవరకు ఊరికే పోనివ్వలేదు. ఊడ్చే మనిషి పెట్టినా, పెద్ద ఆఫీసరు పెట్టినా రెండు చేతులూ ఎత్తి జోడించాల్సిందే. అది వాళ్ల నాయన నేర్పిన అలవాటు, చెప్పుకుని మురిసేవాడు కూడా. పిలుపు వినగానే ఆయన తల అలవాటుగా ఇటు తిరిగింది. చేతులు కూడా సగం లేచాయి. కానీ బొందు ముడి అప్పటికే విడిపోయింది. చేతులు వదిలితే పైజామా పోతుంది, వదలకపోతే మర్యాద పోతుంది.

సంతోషి చేతులు జోడించే ఉంది. దించలేదు.

ఆయన బొందు లాగి ఎలాగో ముడి వేసుకుని, చెమటలు కక్కుతూ తిరిగాడు. రావలసింది రాలేదు, ఆ బాధ వేరు.

"ఏందే నీ లొల్లి? మల్గీ ఖాళీ చెయ్ ఇయ్యాల్నే! ఇది మా గోడ. మా తాత చేను. చిన్నప్పటి సంది ఈడనే పోతున్న. ఇప్పుడు నువ్వొచ్చి అడ్డుకుంటవా? నన్నేడికి పొమ్మంటవ్?"

సంతోషి గొంతు పెద్దదేమీ చేయలేదు.

"నేనేడికి పోతున్ననో ఎన్నడన్న అడిగిండ్రా పటేలా?"

"ఏంది?"

"ఎన్నేండ్ల సంది మీ మల్గీల ఉంటున్న. మల్గీకి బాత్రూమ్ లేదు. మీకు ఎరుకే. రోడ్డు అవుతల ఉన్న సర్కారు బాత్రూమ్‌ల మగోళ్ల దిక్కు తెరిచే ఉంటది. ఆడోళ్ల దిక్కు బకెట్లు, చీపుర్లు వెట్టి తాళమేసిండ్రు. పొద్దున ఇంటికాడ పోతే మల్ల రాత్రి ఎల్‌బీనగర్ పోయినంకనే. నీళ్లు తాగకుంట కూసుంట. ఎండకాలం గూడ తాగ. నడుము గుంజినా, కడుపు నొచ్చినా ఎవ్వలకు చెప్పలే. దవాఖాన్ల డాక్టరమ్మ తిడితే నవ్వి ఊకున్న. మీరు ఇల్లు ముంగట వెట్టుకుని గూడ గోడకు పోతిరి. నేను మీ మర్యాదకు మొఖం గూడ తిప్పుకోవాల్నా? తిప్ప. ఖాళీ చేయమంటే చేస్త, మొఖం మాత్రం తిప్ప!"

ఆమె కళ్లలో నీళ్లు నిండాయి, కానీ తుడుచుకోలేదు. పట్టాభి తలెత్తి ఆమెను చూశాడు. తన దుకాణం ఆమె దుకాణం గోడలు కలిసే ఉన్నా, ఆయన కూడా ఎన్నడూ అడగలేదు. అడిగే అవసరమే రాలేదు, ఆయనకు గోడ ఉంది.

గేటు దగ్గర అలికిడైంది. రామచంద్రం భార్య భారతమ్మ ఎప్పుడు వచ్చిందో, మోకాళ్ల నొప్పులతో గేటు ఊచ పట్టుకుని నిలబడి అంతా విన్నది.

"ఇన్నేండ్ల సంది గాడ కూసుంటున్నవ్. ఒక్కనాడన్న నన్ను అడగకపోతివి బిడ్డా," అంది.

"ఒకరి ఇంట్లకు పోయి గది అడుగుడు మర్యాద కాదనుకున్నమ్మా."

"మంచిగ అనుకున్నవ్! మర్యాదంత మనమే మొయ్యాలె," అని భారతమ్మ గేటు బార్లా తీసింది. "రా. మెట్ల కింద ఉన్నది. ఇయ్యాల్టి సంది తాళమెయ్య."

సంతోషి దుకాణం గడప దిగింది. గల్లీ మధ్యలో నిలబడ్డ రామచంద్రాన్ని దాటుతూ ఒక్క క్షణం ఆగింది. "మల్గీ సంగతి నేనొచ్చినంక మాట్లాడుదం పటేలా," అని గేటులోకి నడిచింది. బాత్రూమ్ తలుపు వేసిన చప్పుడు, లోపల గడియ పడిన చప్పుడు గల్లీలో అందరికీ వినిపించాయి.

రామచంద్రానికి ఇక ఆగేలా లేదు. గోడ వంక చూశాడు. అక్కడ చాయ్ బండివాడు, మందుల షాపువాడు, పట్టాభి, అప్పుడే వచ్చిన భావన, అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఈసారి ఎవరూ తల తిప్పుకోలేదు. ఆయన గబగబా ఇంటివైపు నడిచాడు. పైన ఇంకో రెండు బాత్రూములు ఉన్నాయి, కానీ అంతసేపు మెట్లెక్కే పరిస్థితిలో లేడు. గేటు దాటబోతుంటే భారతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడికి?"

"ఏడికంటవేందే, లోపటికి!"

"లోపట మనిషి ఉన్నది. వచ్చేదాంక ఆగు," అంది భారతమ్మ. "ఇగ మల్గీ ఖాళీ గిట్ల అన్నవనుకో, రేపటి సంది నేను గూడ గాడనే కుర్చేసుకుని కూసుంట, ఆమె పక్కకు."

రామచంద్రం పటేల్ తన సొంత గేటు ముందు, తన తాతల చేను మట్టి మీద, కాళ్లు దగ్గరకు బిగించుకుని నిలబడ్డాడు. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. సంతోషి ఏమాత్రం తొందరపడలేదు.